చిగురును చూసి మోసపోవద్దు
దొండ ముక్కలకు ఇంటి నీడలో వేరు పట్టించే పద్ధతి

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చెల్క భూముల్లో బోరు కింద ఐదు, పది గుంటలు మాత్రమే తడుపుకోగలిగే రైతులకు దొండ పందిరి అక్కరకొచ్చే పంట. ఒకసారి నాటితే మూడు, నాలుగేళ్లు ఉంటుంది. కాపు అందుకున్నాక వారానికి రెండు కోతలు వస్తాయి. ఇంటి ఖర్చులకు చేతిలో నాలుగు పైసలు ఆడతాయి.

అయితే చిక్కంతా మొదట్లోనే ఉంది. కడీలు పాతి, ఇనుప తీగ లాగి పందిరికి పెట్టుబడి పెట్టిన తర్వాత నాటిన ముక్కల్లో సగం ఎండిపోతే ఆ ఏడాది పందిరి సగం ఖాళీగానే ఉంటుంది. బతికినవి మగ తీగలో, తెగులు తీగలో అయితే ఇంకా నష్టం. అందుకే ముక్కలను తెచ్చి నేరుగా చేలో గుచ్చే కంటే ముందుగా ఇంటి దగ్గర నీడలో వేరు పట్టించి నాటుకోవడం మేలు. దీనికి పెద్ద ఖర్చు లేదు. పెరట్లో చెట్టు నీడ, పూట పూటకు చూసే మనిషి ఉంటే చాలు.

విత్తనం ఎందుకు పనికిరాదు?

దొండలో ఆడ తీగలు వేరు, మగ తీగలు వేరు. గింజ వేస్తే వచ్చే మొక్కల్లో దాదాపు సగం మగవే ఉంటాయి. అవి పూస్తాయి గాని కాయవు. పైగా గింజ మొక్కల్లో కాయ చేదు తిరిగే ప్రమాదం కూడా ఉంది. తీగ ముక్కతో పెంచితే తల్లి గుణమే పిల్లకు వస్తుంది. తల్లి తీపి అయితే పిల్ల తీపి, తల్లికి తెగులుంటే పిల్లకూ తెగులే. కనుక ముక్క ఎలా కోయాలన్న దానికంటే ఏ తీగ నుంచి కోయాలన్నదే ముఖ్యం.

తల్లి తీగ ఎంపిక

కాపు మీద ఉన్నప్పుడే మంచి తీగలను గుర్తించి రంగు గుడ్డ పేలిక కట్టి పెట్టుకోవాలి. కాపు అయిపోయాక చూస్తే ఏది మంచిదో తెలియదు. ఆడ తీగకు పువ్వు కిందనే చిన్న కాయ ఆకారం కనబడుతుంది. మగ పువ్వుకు ఉత్త కాడే ఉంటుంది. సాగు రకాల్లో మగ తీగ లేకున్నా కాయ కడుతుంది కాబట్టి మగవాటిని నాటే పని లేదు. కంచెల మీద పాకే కాకిదొండ నుంచి ముక్కలు తీయవద్దు. అది చేదు.

ఆకులు ముడుచుకుని, పసుపు పచ్చని మచ్చలతో వెర్రి తెగులు సోకిన తీగను ముట్టుకోవద్దు. ఆ తెగులుకు మందు లేదు. పిండినల్లి పట్టిన తీగను కూడా వదిలేయాలి.

ముక్క కోయడం

మృగశిర కార్తెలో తొలకరి పడి ఎండ తీవ్రత తగ్గాక ముక్కలు కోసుకోవాలి. నీటి వసతి ఉన్నవారు జనవరి, ఫిబ్రవరి నెలల్లోనూ పెంచుకోవచ్చు. రోహిణి కార్తె ఎండల్లో, వడగాడ్పుల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

లేత కొసలు కుళ్లిపోతాయి. మరీ ముదిరిన మొదళ్లు ఆలస్యంగా చిగురిస్తాయి. చూపుడు వేలు లావున ముదిరిన తీగను నాలుగు కణుపులు ఉండేటట్లు జానెడు ముక్కగా కోయాలి. వేరు పుట్టేది ఎక్కువగా కణుపు దగ్గరే కాబట్టి కింది కోత కణుపుకు కొంచెం దిగువన పడాలి. కిందివైపు ఏటవాలుగా, పైవైపు అడ్డంగా కోస్తే తల ఏదో, మొదలు ఏదో గుర్తుంటుంది. తలకిందులుగా నాటిన ముక్క సరిగా ఎదగదు. ఆకులన్నీ తుంచివేయాలి. ఆకు ఉంటే ముక్కలోని తడి ఆవిరైపోతుంది.

కత్తి పదునుగా ఉండాలి. ఒక తీగ నుంచి మరో తీగకు పోయేటప్పుడు కత్తిని సబ్బు నీటితో కడిగి తుడవాలి. కోసిన ముక్కలను తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చి అదే రోజు నాటాలి.

సంచి, మట్టి

ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పెంట ఎరువు సమపాళ్లలో కలిపి జల్లించాలి. పచ్చి పెంట వేస్తే వేడికి ముక్క మొదలు కుళ్లుతుంది. అడుగున, పక్కల చిల్లులున్న పాలిథీన్ సంచులు వాడాలి. చిల్లులు పెట్టిన ఖాళీ పాల ప్యాకెట్లయినా పనికొస్తాయి. రెండు కణుపులు మట్టిలో, రెండు పైన ఉండేటట్లు గుచ్చి చుట్టూ మట్టిని వేళ్లతో గట్టిగా అదమాలి.

ఎన్ని సంచులు కావాలి? రెండు మీటర్ల ఎడంతో గుంతలు తీస్తే గుంట నేలకు 25 గుంతలు పడతాయి. గుంతకు రెండు మొక్కల చొప్పున గుంటకు 50 మొక్కలు, ఐదు గుంటలకు 250 మొక్కలు కావాలి. కొన్ని చచ్చిపోతాయి కనుక 300 సంచులు నింపుకోవాలి.

నీడ, నీరు

సంచులను వేప చెట్టు కిందనో, తాటాకు పందిరి కిందనో పెట్టాలి. పొద్దున పూట లేత ఎండ తగిలినా ఫరవాలేదు, మధ్యాహ్నం ఎండ తగలరాదు. చీకటి కొట్టం కూడా మంచిది కాదు.

ఎక్కువ ముక్కలు చచ్చేది నీళ్లు చాలక కాదు, నీళ్లు ఎక్కువై. మట్టిని వేలితో గుచ్చి చూసి ఆరినట్టుంటేనే పోయాలి. చిన్న డబ్బాకు సన్నని చిల్లులు పెట్టి చల్లితే మట్టి కదలదు. బోరు నీళ్లు ఉప్పగా, చవుటిగా ఉన్న ఊళ్లలో పట్టి పెట్టుకున్న వాన నీళ్లు వాడుకుంటే మంచిది. మొదలు మెత్తబడి నల్లబడే ముక్కలను తీసేసి, మిగతా సంచుల్లో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మట్టి తడిచేటట్లు పోయాలి.

చిగురు వేరు, వేరు వేరు

రెండు వారాలు తిరిగేసరికి చిగుళ్లు కనబడతాయి. ఇక్కడే చాలామంది మోసపోతారు. మొక్క నాటుకుందని చేనుకు తీసుకుపోతారు. వారంలో చిగురు వాలిపోతుంది. కారణం తేలికే. మొదటి చిగురు ముక్కలో దాచుకున్న ఆహారంతో వచ్చింది, వేరుతో కాదు. ఆ దాపు అయిపోయేలోగా వేరు దిగకపోతే ముక్క ఎండిపోతుంది.

వేరు దిగిందా లేదా తెలుసుకోవడానికి ముక్కను పీకి చూడవద్దు. లేత వేళ్లు తెగుతాయి. కొత్త ఆకులు నాలుగైదు వచ్చి, అవి మధ్యాహ్నం పూట కూడా వాలకుండా నిలబడి, నులితీగలు సాగితే వేరు పట్టిందని గుర్తు. అడుగు చిల్లుల్లో తెల్లని వేళ్లు కనబడితే ఇక అనుమానం లేదు. దీనికి నెల నుంచి నెలన్నర పడుతుంది. నాటడానికి వారం ముందు నుంచి కొంచెం కొంచెంగా ఎండకు అలవాటు చేయాలి.

చేలో నాటడం

పునర్వసు, పుష్యమి కార్తెల్లో నాటుకోవాలి. అడుగున్నర లోతు, వెడల్పు గుంత తీసి 10 కిలోల పెంట ఎరువు, పావు కిలో వేపపిండి మట్టితో కలిపి నింపాలి. వేర్లపై బుడిపెలు కట్టే నులిపురుగుల బెడద ఉన్న నేలల్లో వేపపిండి మరువరాదు. సాయంత్రం పూట సంచి చింపి, మట్టి ముద్ద చెదరకుండా నాటి, పుల్ల ఊతమిచ్చి పందిరికి ఎక్కించాలి.

బూడిద తెగులు కనబడితే గంధకం పొడి చల్లవద్దు. తీగజాతి కూరగాయల ఆకులు మాడిపోతాయి. పండు ఈగకు మామిడి తోటలో పెట్టే మిథైల్ యూజినాల్ బుట్ట దొండలో పనిచేయదు, క్యూ లూర్ బుట్ట అడిగి తెచ్చుకోవాలి. పుచ్చిన కాయలను ఏరి లోతుగా పాతిపెట్టాలి.

ఇతర తీగలకూ ఇదే దారి

మల్లె, తిప్పతీగలకు కూడా కణుపు, నీడ, మితమైన తడి అనే ఈ మూడే సూత్రాలు. పట్నం ఇళ్లలో కిటికీ పక్కన పెంచే మైనపు పూల తీగ హోయా కూడా ఇలాగే వస్తుంది. తేడా ఏమంటే దాని ఆకు దళసరి కనుక ఒకటి రెండు ఆకులు ఉంచే నాటాలి. కోసినచోట కారే పాలు ఆరనివ్వాలి. పూలు రాలాక ఆ కాడను తుంచవద్దు, మళ్లీ పూత దాని మీదనే వస్తుంది.

ఏ తీగ తెగులుదో, ఏది మంచిదో అనుమానం ఉన్న రైతులు రెండు ఆకులు, ఒక వేరు తీసుకుని దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించుకోవాలి. పాలెం, మదనాపురం, కంపాసాగర్, గడ్డిపల్లిలలో ఈ కేంద్రాలున్నాయి. ముక్క కోయకముందు ఒక పూట పోయి అడిగి వస్తే నాలుగేళ్ల పందిరి నిలబడుతుంది.