పుస్తకంలో అచ్చయిన ఆట

(బి.ఎస్సీ. విద్యార్థి)

ఈనాడు ఆట కావాలంటే సెల్‌ఫోన్ మీద ఒక్క వేలు తాకిస్తే చాలును. కాని నలభై ఏండ్ల కింద కంప్యూటరు ఆట పుస్తకంలో అచ్చయి వచ్చేది. కొన్నవాడు ఆ అచ్చును ముందర పెట్టుకొని, ఒక్కొక్క అక్షరం కీబోర్డు మీద కొట్టి, ఆ తర్వాతనే ఆడుకొనేవాడు. ఆ రోజులను తలచుకొని మురిసిపోయే పెద్దలు నేటికీ ఉన్నారు. ఆ మురిపెం ఆట మీదనా, కొట్టుడు మీదనా? కొంచెం విచారిద్దాం.

యంత్రాలు, పుస్తకాలు

1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు ఆచార్యులు బేసిక్ అనే భాషను తయారుచేసినారు. సైన్సు చదవని విద్యార్థి సైతం కంప్యూటరు వాడగలగాలన్నది వారి ఆశయం. 1973లో డేవిడ్ ఆల్ ఆ భాషలోని నూటొక్క ఆటలను పుస్తకంగా వెలువరించినాడు. 1981లో బి.బి.సి. మైక్రో, 1982లో స్పెక్ట్రమ్ ఇంగ్లండులో వచ్చినవి. మొదట వచ్చిన స్పెక్ట్రమ్‌లలో పెద్దదానికి సైతం జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లే! మన దేశంలో 1984లో మొదలైన క్లాస్ పథకం కింద సుమారు 250 పాఠశాలలకు బి.బి.సి. మైక్రోలు చేరినవి. కరెంటు పోయిందంటే కొట్టినదంతా మాయం. అందుకే పాటలు వినే టేపు క్యాసెట్లలోనే ప్రోగ్రాములను దాచుకొనేవారు.

అయిదు వరుసల ఆట

బేసిక్‌లో ప్రతి వరుసకు ఒక నంబరుంటుంది. నడుమ కొత్త వరుస చేర్చుకొనే వీలుండాలని 10, 20, 30 అని వేసేవారు. ఒక చిన్న ఆటను మన మాటల్లో రాస్తే ఇట్లుంటుంది:

10 — 1 నుండి 100 లోపల ఒక సంఖ్యను మనసులో అనుకో.
20 — ఆడేవాణ్ణి సంఖ్య అడుగు.
30 — అతడు చెప్పినది తక్కువైతే "ఇంకా పెద్దది" అను. 20కి పో.
40 — ఎక్కువైతే "ఇంకా చిన్నది" అను. 20కి పో.
50 — "గెలిచినావు" అను. ఆగు.

మొదట 50, ఆ తర్వాత 25 గాని 75 గాని, ఇట్లా ప్రతిసారి మిగిలినదాని నడిమి సంఖ్య చెప్పుకుంటూ పోతే ఏడు సార్లలోపల గెలుపు ఖాయం. ఎందుకంటే రెండును ఏడుసార్లు హెచ్చిస్తే 128. అది 100 కన్న ఎక్కువే గదా.

ఒక్క అంకె తప్పితే

ఇప్పుడు 30వ వరుసలో 20కి బదులు 10 అని కొట్టినామనుకోండి. యంత్రం తప్పని చెప్పదు. ఎందుకంటే 10వ వరుస కూడా ఉన్నదే! కాని తక్కువ చెప్పినప్పుడల్లా అది కొత్త సంఖ్యను అనుకొంటుంది. 50 కన్న పెద్దదన్న యంత్రమే, 51 అంటే చిన్నదనవచ్చును. అప్పుడు ఆడేవాడు ఆట విడిచి వరుసలు చదువక తప్పదు. చదువు అక్కడే మొదలయ్యేది.

సిరిసిల్లలో డాబీ బిగించిన మరమగ్గాన్ని చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తది. డాబీ పట్టీ రంధ్రంలో మేకు ఉంటే ఒక వరుస పడుగు దారాలు లేస్తయి, లేకుంటే లేవవు. ఒక్క మేకు ఊడితే ఆ తప్పు అంచు పొడుగునా డిజైను తిరిగినప్పుడల్లా వస్తది. నేతకారుడు చీరె అంతా వెతుకడు, ఆ మేకును వెతుకుతడు. మా కోరుట్ల దిక్కు నాటు వేసేటోళ్ళ సంగతీ అంతే. మడిలో వంగి నడిచినోళ్ళకే నీళ్ళు ఎక్కడ నిలుస్తయో ఎరుక.

అయితే కొట్టిన ప్రతివాడూ నేర్చుకొన్నాడని చెప్పలేము. కొన్ని ఆటల్లో పేజీలకొద్దీ ఉత్త అంకెలే ఉండేవి. వాటిని కొడితే వేళ్ళ నొప్పి తప్ప తెలివి రాదు. అర్థమయ్యే వరుసను కొట్టినప్పుడే ఫలం.

మనకేమిటి?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుండి వచ్చిన మనలో చాలామందికి ఇంట్లో కంప్యూటరు సంగతి చెప్పేటోళ్ళు లేరు. రికార్డు కోసం ఎవరో పంపిన ప్రోగ్రామును చదువకుండానే దింపుకొంటున్నాము. ఇప్పుడు కృత్రిమ మేధ అడుగంగనే రాసిస్తున్నది. మార్కులు వస్తయి. కాని 20 ఉండవలసిన చోట 10 ఉంటే పట్టేదెవరు? రేపు ఉద్యోగమిచ్చేవాడు అడిగేది ఆ ఒక్క వరుసనే.

కనుక మిత్రులారా, పై అయిదు వరుసలను మీకు వచ్చిన భాషలో మీ చేత్తో కొట్టి చూడండి. పిమ్మట 100ను 1000 చేయండి. గెలుపు ఖాయం కావాలంటే ఎన్నిసార్లు అడుగవలెనో ముందు కాగితం మీద లెక్కవేసి, ఆ తర్వాతనే ఆడండి.