జింజర్‌లో మన వేరు

ఇంగ్లీషులో అల్లాన్ని జింజర్ అంటారు. ఆ మాట తోకలో మన 'వేరు' దాగి ఉందంటే మిత్రులు నవ్వుతారు. నవ్వేముందు నాతోపాటు కాస్త వెనక్కి నడవమని కోరుతున్నాను.

వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో ఇది 'జింజిఫెర్'. రాత 'ఫ' అయినా పలుకుబడి 'వ'. అది లాటిను నుంచి, లాటినుకు గ్రీకు 'జింగిబెరిస్' నుంచి వచ్చింది. క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమను రచయిత ప్లినీ దీని ధర పౌనుకు 6 దెనారీలని రాశాడు. ఇది మిరియపు చెట్టు వేరు కాదు సుమా అని కూడా చెప్పాడు. మొక్కను చూడకుండా సరుకు కొనేవాళ్లకు అలాంటి అనుమానాలు సహజమే!

గ్రీకుల దగ్గరకు మాట వెళ్లింది మన దేశం నుంచే. పాళీలో సింగివేరం, సంస్కృతంలో శృంగవేరం. పాత నిఘంటువులు చాలావరకు ఇక్కడే ఆగిపోయాయి. శృంగమంటే కొమ్ము, వేరమంటే దేహం, కనుక కొమ్ములాంటి దేహం గలది అన్నారు. మనం పసుపు కొమ్ము అంటాం కదా, వినడానికి బాగానే ఉంది. కాని నాకు అక్కడే చిక్కు కనిపిస్తుంది. శృంగం పాళీలో 'సింగ' అవుతుంది. మరి సింగివేరంలోని ఇకారం ఎక్కడిది?

తమిళ, మలయాళాల్లో అల్లం పేరు 'ఇంచి'. దానికి 'వేర్' చేరిస్తే ఇకారం దానంతటదే దొరుకుతుంది. సంస్కృతం వాళ్లు తెలియని మాటకు తెలిసిన కొమ్ము తగిలించారన్నమాట. ఎ.ఎస్.సి. రాస్ 1952లో ఈ ఒక్క మాట మీదే ఒక పుస్తకం వెలువరించాడు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వచ్చింది.

ఇంచిలో లేని సకారం సింగివేరంలో ఎలా వచ్చిందని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. దక్షిణాది ద్రావిడ భాషల్లో మాట మొదటి చకారం కొన్నిచోట్ల జారిపోయింది. తమిళులూ మనమూ 'ఆరు' అనే అంకెను గోండులు నేటికీ 'సారుంగ్' అంటారు. ఇంచికి కూడా ఒకప్పుడు అలాంటి తొలి హల్లు ఉండేదని, అది పోకముందే మాట ఉత్తరాదికి చేరిందని పండితుల ఊహ.

తమాషా ఏమంటే, తెలుగులో మనకు ఇంచి లేదు. కన్నడిగుల 'అల్ల'కు జతగా అల్లం అంటాం. ఎండితే శొంఠి, అదీ సంస్కృత శుంఠి నుంచి వచ్చిందే. తల మనది కాదు గాని, తోకలోని వేరు మాత్రం తమిళులతోపాటు మనదీను.