ఆసుపత్రి బిల్లు – విశ్వాసి బాధ్యత

ఉదయం వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరే చికిత్సలు నేడు అనేకం. కంటి శుక్లం తీయించుకోవడం, మూత్రపిండంలోని రాయిని పగలగొట్టించుకోవడం, ఎండోస్కోపీ ఇలాంటివే. రాత్రి ఉండే పని లేదు గనుక ఖర్చు కొద్దిగానే ఉంటుందని అనుకుంటాము. తీరా కౌంటరు దగ్గరకు వెళితే ఇరవై వేలనుకున్నది యాభై వేలై కూర్చుంటుంది. అప్పుడు కొందరు గొడవకు దిగుతారు. కొందరు ఇల్లాలి నగలు వడ్డీ వ్యాపారి చేతిలో పెడతారు. మరికొందరు కొంత కట్టి, మిగతాది ఎగవేసి ముఖం చాటేస్తారు. ఈ పరిస్థితిలో విశ్వాసి ఏం చేయాలో షరీఅత్ వెలుగులో చూద్దాము.

వైద్యుని ప్రతిఫలం

వైద్యునికి ప్రతిఫలం ఇవ్వడం అతని హక్కు. అబూ తైబా అనే ఆయన దైవప్రవక్త (సఅసం) గారికి హిజామా (చెడు రక్తం తీసే చికిత్స) చేశారు. ప్రవక్త (సఅసం) ఆయనకు ఒక సా ఖర్జూరాలు ఇప్పించారు. పైగా ఆయన యజమానులతో మాట్లాడి, ఆయన చెల్లించవలసిన రుసుమును తగ్గింపజేశారు. ఈ విషయాన్ని అనస్ (రజి) ఉల్లేఖించారు. కాబట్టి బిల్లు ఎక్కువైందన్న కోపంతో న్యాయంగా ఇవ్వవలసినది కూడా ఎగవేయడం ధర్మసమ్మతం కాదు.

ముందు లెక్క తేల్చుకోవాలి

అయితే అడిగినదంతా న్యాయమైనదేనా? పని చేయించుకునే ముందే ప్రతిఫలం ఎంతో ఇరుపక్షాలకూ తెలిసి ఉండాలని మన ఫుఖహా (ధర్మశాస్త్రవేత్తలు) షరతు పెట్టారు. అది తేలకుండానే పని జరిగిపోతే, అటువంటి పనికి వాడుకలో ఉన్న ప్రతిఫలం (అజ్రె మిస్ల్) ఇవ్వాలని హనఫీ పండితులు చెప్పారు. అప్పు వ్యవహారాన్ని వ్రాసిపెట్టుకోమని అల్ బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తోంది. కనుక చికిత్సకు ముందే మందులు, పరీక్షలు, మత్తు డాక్టరు ఫీజు అన్నీ కలిపి ఎంతవుతుందో వ్రాయించుకోవడం మంచిది.

అలా జరగకపోతే పద్దుల వారీగా బిల్లు అడగాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం ఈ హక్కును పేర్కొంది. డబ్బు వివాదం పేరిట రోగిని ఆపి ఉంచరాదని కూడా అందులో ఉంది. వాడని మందు, చేయని పరీక్ష బిల్లులో కనబడితే మర్యాదగా చూపించి తీయించాలి. ఇది గొడవ కాదు, హక్కు.

తగ్గించమని అడగడం

లెక్క సరిగానే ఉన్నా కట్టలేకపోతే తగ్గించమని అడగడంలో సిగ్గు లేదు. కఅబ్ బిన్ మాలిక్ (రజి) తనకు రావలసిన అప్పును మస్జిదులో ఇబ్నె అబీ హద్రద్ (రజి)ను అడిగారు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. ప్రవక్త (సఅసం) తన గది తెర తొలగించి, సగం వదిలేయమని కఅబ్‌కు సైగ చేశారు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడు ప్రవక్త (సఅసం) రెండవవారిని లేచి మిగతా సగం చెల్లించమన్నారు. ఇందులో ఇద్దరికీ పాఠముంది. ఇవ్వవలసినవాడు కష్టంలో ఉంటే తగ్గించాలి. తగ్గించిన తరువాత ఇతడు ఆలస్యం చేయకూడదు.

అబద్ధం, వడ్డీ

అనేక ఆరోగ్య బీమా పాలసీలలో చాలా చికిత్సలకు 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలన్న నిబంధన ఉంటుంది. ఇంటికి వచ్చేసినా రాత్రంతా అక్కడే ఉన్నట్లు కాగితం వ్రాయించి సొమ్ము రాబట్టడం అబద్ధం, మోసం. వడ్డీకి తేవడమంటే ఒక బరువు దించుకోవడానికి మరో పెద్ద బరువు ఎత్తుకోవడమే. వాయిదాలు అడగడం, బంధువుల వద్ద ఖర్జె హసన్ (వడ్డీ లేని రుణం) తీసుకోవడం మేలు.

సమాజం బాధ్యత

ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే అది మరింత మేలని అల్ బఖరా 280వ ఆయతు బోధిస్తోంది. ప్రవక్త (సఅసం) కాలంలో ఒకతను కొన్న పండ్లు నష్టపోయి అప్పులపాలయ్యాడు. అతనికి దానమివ్వమని ఆయన ప్రజలకు చెప్పారు. అదీ చాలకపోతే, దొరికినంత తీసుకోమని అప్పులవాళ్ళకు చెప్పారు. అబూ సయీద్ ఖుద్రీ (రజి) దీనిని ఉల్లేఖించారు. అత్తౌబా సూరా 60వ ఆయతు జకాత్ హక్కుదారులలో రుణగ్రస్తులను చేర్చింది. అప్పు తీసివేస్తే నిసాబ్ మేరకు ఆస్తి మిగలని సోదరుడు మన వీధిలో ఉంటే, అతడు నోరు తెరచి అడిగేదాకా మనం ఆగకూడదు.

అల్లాహ్ మనల్ని అప్పుల భారం నుండి కాపాడి, ఇవ్వవలసినది నిజాయితీగా ఇచ్చే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.