కోడి బోను వద్దురా అబ్బాయ్



పిడుగురాళ్లలో అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు పక్కన నువ్వు పెట్టబోయే నాటుకోడి హోటలు ప్లానును ఈ పెదనాన్న రెండుసార్లు చూశాడు. అన్నీ బాగున్నాయి, ముందు వరండాలో గీసిన ఇనుప బోను తప్ప. వచ్చినవాళ్లు ఏ కోడిని చూపిస్తే దాన్నే వెనక కోసి వండిపెడతావట. జనం ఎగబడి వస్తారు, అందులో అనుమానం లేదు. బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపందెం కథ వింటూ పెరిగిన సీమ కదా, పుంజు కూస్తే ఎవరి కాలైనా ఆగుతుంది. అయినా ఆ బోను వద్దు.

ఎందుకు వద్దో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. మార్చిలో మన పల్నాడు జిల్లా పాప, రెండేళ్ల పసిది, మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. ఆ పాప ప్రాణం తీసింది బర్డ్ ఫ్లూ తెచ్చే హెచ్5ఎన్1 వైరస్సేనని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని వార్తల్లో వచ్చింది. ఆ కన్నవాళ్లను ఎవరూ ఒక్క మాట అనకూడదు. కూర కోసే చోట పిల్లలు తిరగని ఇల్లేది? జాగ్రత్తపడాల్సింది రోజూ వందమందికి వండిపెట్టేవాళ్లు. ముక్క లోపలిదాకా 70 డిగ్రీల వేడి తగిలితే ఆ వైరస్ బతకదు, కాబట్టి బాగా ఉడికిన కూరతో భయం లేదు. భయమంతా కోడి రెట్టతో, ఈకల దుమ్ముతో, కోడిని కోసి కడుక్కోకుండా గరిటె పట్టే చేత్తో.

చట్టమూ ఇదే మాట చెబుతోంది. 2006 ఆహార భద్రత చట్టం కింద 2011లో లైసెన్సుల నిబంధనలు వచ్చాయి. వాటి నాలుగో షెడ్యూలు ప్రకారం జంతువులను, పక్షులను, పెంపుడు ప్రాణులను హోటలు ఆవరణలోకి రానివ్వకూడదు. శుచి లేకుండా వండితే లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

ఎలుకల కోసం స్టోరు గదిలో పిల్లిని పెంచుతానన్నావని మీ అమ్మ చెప్పింది. అదీ కుదరదు. కన్నాలు పూడ్చి, కాలవలకు జాలీలు బిగించమని అదే షెడ్యూలులో ఉంది. ముందు ఆ పని చెయ్యి. బియ్యం బస్తాల మధ్య పిల్లి పడుకుంటే ఎలుక బెడద పోయి బొచ్చు బెడద వస్తుంది.

ఇక పెరటి గుమ్మం. ఎంగిలాకులు అక్కడ పడేస్తే కుక్కలూ పందులూ రాక మానవు. వచ్చాక కర్ర తీసుకుని తరమడం పాపం. మూత ఉన్న డబ్బాలు పెట్టి, ఏ పూటవి ఆ పూటే మున్సిపాలిటీ బండికెక్కించు. కుక్కకు అన్నం పెట్టాలనిపిస్తే పెట్టు, కానీ హోటలు దగ్గర కాదు. వాటికి తిండి పెట్టే చోట్లు వేరుగా చూడమని 2023 కేంద్ర నిబంధనలు కూడా చెబుతున్నాయి.

అమెరికాలో హోటళ్లు నడిపే మనవాళ్లకూ ఇలాంటి కట్టుబాట్లే. అక్కడి ఆహార నియమావళి వంటగదిలోకి జంతువును రానివ్వదు. చూపులేనివారికి తోడుండే కుక్క మాత్రం వాళ్లతోపాటు భోజనాల గదిలోకి రావచ్చు. జాగ్రత్తగా ఉంచితే చేపల తొట్టికీ అనుమతి ఉంది. నీకు కొరమీను తొట్టి పెట్టాలనిపిస్తే మాత్రం గుంటూరో నరసరావుపేటో వెళ్లి ఫుడ్ సేఫ్టీ అధికారిని ముందే అడుగు.

బోనుకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే, ఆ డబ్బుతోనే వంటగదికి జాలీ తలుపు చేయించు. పెరటి గోడకు మన ఊరి సున్నమే వేయించు. పెదనాన్న ఆదివారం పొద్దున బస్సుకు వస్తాడు. ఈలోగా గుమ్మం కొలతలు తీసి ఉంచు.