ఒక గుడిసె, ఇద్దరు తల్లులు: అమెరికా తొలి పాఠాలు చెప్పేదెలా?

ఐచ్ఛిక ఇంగ్లీషు తీసుకున్న జూనియర్లకు శనివారాలు మేం సీనియర్లం పాఠాలు చెబుతుంటాం. ఈసారి నా వంతుకు వలసకాలపు అమెరికా సాహిత్యం వచ్చింది. పేరు వినగానే పిల్లలు డీలా పడిపోతారు. అందులో నవలలు లేవు, నాటకాలు దాదాపు లేవు. ఉన్నవాటిలో ఎక్కువ చర్చి ఉపన్యాసాలు, డైరీలు, ఉత్తరాలు, ఓడ ప్రయాణాల వివరాలు. పైగా నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు. ప్యూరిటన్ సాహిత్య లక్షణాలు అని బోర్డు మీద ఆరు పాయింట్లు రాసేస్తే మార్కులు వస్తాయి గానీ, పాఠం మాత్రం బోర్డు తుడవగానే పోతుంది.

వేషాలు వేయించడం, క్విజ్ పెట్టడం లాంటివి ఆ పూటకు సరదాగానే ఉంటాయి. నాకు తోచిన దారి వేరు. ఈ రచనల్లో చాలావాటిని ఎవరో ఒకరు "నేను చూశాను, నాకు జరిగింది" అని రాశారు. అంటే అవి సాక్ష్యాలు. పదిహేడేళ్ల పిల్లలకు సాక్షిని నిలదీయమంటే ఎక్కడలేని హుషారు వస్తుంది. అందుకే వాళ్లను విద్యార్థులుగా కాదు, జడ్జీలుగా కూర్చోబెట్టాలి.

మొదటి పీరియడ్: ఒకే మనిషి, రెండు పుస్తకాలు

వర్జీనియాలో జేమ్స్‌టౌన్ వలస 1607లో మొదలైంది. ఆ ఏడాది చివర్లో కెప్టెన్ జాన్ స్మిత్ అక్కడి మూలవాసులకు పట్టుబడ్డాడు. వాళ్ల పెద్ద పావ్‌హటన్ దగ్గరికి తీసుకెళ్లారు, తర్వాత వదిలేశారు. స్మిత్ ఈ సంగతి రెండుసార్లు రాశాడు. 1608లో లండన్‌లో అచ్చయిన చిన్న పుస్తకంలో పావ్‌హటన్ తనను మర్యాదగా చూశాడని ఉంది. పోకహాంటస్ పేరు కూడా అందులో వస్తుంది గానీ, ప్రాణం కాపాడిన మాట లేదు. 1624లో వచ్చిన పెద్ద పుస్తకంలో మాత్రం, తన తల బద్దలు కొట్టబోతుంటే పావ్‌హటన్ కూతురు పోకహాంటస్ వచ్చి తన తల అడ్డం పెట్టిందని ఉంది. ప్రపంచమంతా తిరిగిన కథ ఈ రెండోదే.

క్లాసును రెండుగా విడగొట్టి, ఒక సగానికి 1608 భాగం, ఇంకో సగానికి 1624 భాగం ఇచ్చాను. రెండు పుస్తకాలున్నాయని ముందు చెప్పలేదు. చదివాక ఒకరికొకరు కథ చెప్పుకోమన్నాను. రెండు నిమిషాల్లో గొడవ మొదలైంది. "అక్కా, వీళ్లు ఏదో కలిపి చెబుతున్నారు" అని ఒక వైపు, "మీరే సరిగ్గా చదవలేదు" అని ఇంకో వైపు! అప్పుడు బోర్డు మీద మూడు సంవత్సరాలు రాశాను. 1614లో పోకహాంటస్‌కు జాన్ రోల్ఫ్‌తో పెళ్లయింది, 1616లో ఇంగ్లండు వెళ్లింది, 1617లో అక్కడే చనిపోయింది. అంటే 1624 నాటికి కాదనడానికి ఆమె లేదు.

స్మిత్ అబద్ధమాడాడా? కొందరు చరిత్రకారులు కథ కల్పించాడంటారు. ఇంకొందరు, అది అతన్ని తమలో కలుపుకునే తంతు అయివుండొచ్చు, అతనికి అర్థం కాలేదంటారు. తీర్పు నేను చెప్పలేదు. ఎవరి తీర్పు వాళ్లు ఐదు వాక్యాల్లో రాసి, ప్రతి వాక్యానికీ పుస్తకంలోంచి ఆధారం చూపించాలి. ఆధారం వెతకడానికి ఆ పాత ఇంగ్లీషును రెండోసారి, మూడోసారి చదవక తప్పదు. టీచరుకు కావలసింది అదే కదా.

రెండో పీరియడ్: చెప్పిన తల్లి, చెప్పని తల్లి

మసాచుసెట్స్‌లో వలసవాళ్లకూ మూలవాసులకూ 1675లో యుద్ధం వచ్చింది. 1676 ఫిబ్రవరిలో లాంకాస్టర్ ఊరి మీద దాడి జరిగినప్పుడు పాస్టరు భార్య మేరీ రోలాండ్‌సన్ బందీ అయింది. ఒళ్లో ఉన్న ఆరేళ్ల కూతురు సారా గాయాలతో కొద్ది రోజులకే చనిపోయింది. పదకొండు వారాల తర్వాత ఇరవై పౌండ్లు ఇచ్చి మేరీని విడిపించుకున్నారు. ఆమె రాసిన పుస్తకం 1682లో అచ్చయింది. అందులో అధ్యాయాలు లేవు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలిన ఇరవై మజిలీలు ఉన్నాయి.

ఇక్కడ పిల్లలతో ఒక పట్టిక రాయించాలి: ఏం కుట్టింది, బదులుగా ఏం దొరికింది? నాయకుడు ఫిలిప్ కొడుక్కి చొక్కా కుడితే ఒక షిల్లింగు, దాంతో గుర్రం మాంసం కొనుక్కుంది. ఒకామెకు మేజోళ్లు అల్లితే బఠాణీలు. పుస్తకం నిండా "శత్రువులు" అని తిట్టే మనిషి వాళ్లతో బేరాలాడుతూ, వాళ్ల పొయ్యి దగ్గర కూర్చుని తింటూ కనిపిస్తుంది. ఈ పట్టిక రాశాక ప్యూరిటన్ల గురించి ఆరు పాయింట్లు చెప్పక్కర్లేదు.

తర్వాత వీటమూ దగ్గరికి రావాలి. మేరీ పనిచేసింది ఈమె దగ్గరే. పొకాసెట్ జనానికి నాయకురాలు. మేరీ రాతలో మాత్రం అలంకారాలు చేసుకునే గర్విష్ఠి. పదమూడో మజిలీలో వీటమూ బిడ్డ చనిపోతుంది. కొన్ని వారాల కిందటే బిడ్డను పోగొట్టుకున్న మేరీ, తనకు పెద్దగా బాధ కలగలేదని, గుడిసెలో చోటు కాస్త ఎక్కువైందని రాస్తుంది. ఇది చదివాక క్లాసులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకమ్మాయి, "ఆమె చెడ్డది కాదక్కా, ఆమెకు ఇంక మిగల్లేదు" అంది. పక్కమ్మాయి ఒప్పుకోలేదు. రెండూ నోట్సులో రాసుకోమన్నాను.

ఒక హెచ్చరిక. వీటమూ గొంతుతో డైరీ రాయమని ఇవ్వడం తేలిక. నేను ఇవ్వను. ఆమె అదే ఏడాది ఆగస్టులో ఇంగ్లీషు సైనికుల నుంచి తప్పించుకుంటూ నదిలో మునిగి చనిపోయింది. మన ఊహను ఆమె నోట్లో పెడితే, మేరీ చేసిన పనే మనమూ చేసినట్టు. దానికి బదులు మేరీ వాక్యాల్లోనే వీటమూ ఏం చేసిందో ఉన్న చోట్ల గీతలు గీయమంటాను. తిట్టు తీసేసి పని మాత్రం చూడాలి. ఈకలు పెట్టుకుని మూలవాసుల వేషం వేయడం కూడా వద్దే వద్దు. వాళ్లు ఇప్పటికీ ఉన్న మనుషులు.

మూడో పీరియడ్: పుస్తకంలో దాగిన మాట

వాళ్లు ఉన్నారనడానికి ఈ పాఠం. జాన్ ఎలియట్ అనే పాస్టరు 1663లో మసాచుసెట్స్ మూలవాసుల భాషలో బైబిల్ అచ్చు వేయించాడు. అమెరికాలో అచ్చయిన మొదటి పూర్తి బైబిల్ ఇంగ్లీషుది కాదు, ఇదే. దాని అచ్చుపనిలో నిప్‌మక్ తెగకు చెందిన జేమ్స్ ప్రింటర్ అనే యువకుడు పనిచేశాడు. మతం మార్చడానికి వేసిన పుస్తకం అది. తర్వాత ఆ భాష ఇళ్లల్లో ఆగిపోయింది. వందేళ్లకు పైగా మాట్లాడేవాళ్లు లేరు. 1993లో వాంపనోగ్ జాతికి చెందిన జెస్సీ లిటిల్ డో బేర్డ్, ఇంకొందరు కలిసి ఆ బైబిల్‌నూ, తమ పూర్వీకులు సొంత భాషలో రాసుకున్న పాత పత్రాలనూ పట్టుకుని భాషను మళ్లీ నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నారు.

మనలో సగంమందిమి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. మా క్లాసులో తెలుగు గలగలా మాట్లాడి, చదవమంటే కూడబలుక్కునేవాళ్లూ ఉన్నారు. అందుకని ఈ మూడో పాఠం ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు. "మరి మన ఇళ్లల్లో రాసిపెట్టినవి ఏమున్నాయి?" అని ఒక జూనియర్ అడిగింది. పాఠంలో లేని ప్రశ్న అది.

పోర్షన్ అవదంటారేమో. మూడు పీరియడ్లే పట్టాయి. పరీక్షకు కావలసిన ఆరు పాయింట్లు మూడో రోజు చివర పిల్లలే చెప్పారు, నేను బోర్డు మీద రాశానంతే. ఈ పత్రిక చదివే మేడమ్‌లకు నా విన్నపం ఒకటే: ఇంటర్నల్ పరీక్షలో "లక్షణాలు రాయండి" అనే ప్రశ్నతో పాటు, "ఈ పేజీలో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మాట్లాడటం లేదు?" అన్న ప్రశ్న కూడా ఒకటి ఇవ్వండి. ఐదు మార్కులకైనా సరే.