బట్టమేక పిట్ట కోసం థార్ ఎడారికి

జైసల్మేర్ వెళ్లినవారు చాలామంది సామ్ ఇసుక తిన్నెల మీద ఒంటె ఎక్కి, సూర్యాస్తమయం చూసి తిరిగి వచ్చేస్తారు. ఆ చుట్టుపక్కలే, జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర డెజర్ట్ నేషనల్ పార్కు ఉంది. ఎడారి అనగానే మనకు తిన్నెలే గుర్తొస్తాయి. నిజానికి ఈ పార్కులో వాటి వాటా ఐదో వంతు మాత్రమే. మిగతాదంతా రాతినేల, గట్టి మైదానం, సెవణ్ అనే గడ్డి. చూడవలసింది ఆ గడ్డినే, ఎందుకంటే బట్టమేక పిట్ట ఉండేది అందులోనే.

మీటరు ఎత్తు, మగదైతే 15 కిలోల వరకు బరువు ఉండే ఈ పక్షులు ప్రపంచం మొత్తం మీద 150 దాకా మాత్రమే మిగిలాయని అంచనా. వాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్ జిల్లాలోనే ఉన్నాయి. మన కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడును 1988లో ఈ పిట్ట కోసమే అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడు అక్కడ అది కనిపించడం లేదు.

ప్రయాణానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అప్పుడు మధ్య ఆసియా నుంచి వచ్చిన గద్దలు, రాబందులు కూడా కనిపిస్తాయి. వేసవి, వానకాలం మాత్రం వద్దు. ఎండ ఒక్కటే కారణం కాదు, బట్టమేక ప్రధానంగా గుడ్డు పెట్టే కాలం అదే. సాధారణంగా ఏడాదికి ఒక్కటే గుడ్డు, అదీ నేల మీద. మన అలికిడికి తల్లి లేచిపోతే ఆ గుడ్డు కాకులకో నక్కలకో దొరుకుతుంది.

పార్కులో సుదాసరి ప్రాంతానికి సూర్యోదయం వేళకే చేరుకోవాలి. పొద్దెక్కితే నేల వేడెక్కి, దానిని ఆనుకున్న గాలి పొరల సాంద్రత మారుతుంది. వాటి గుండా వచ్చే కాంతి వంగుతుంది. ఎండమావికి కారణం కూడా ఇదే. అప్పుడు ఎంత ఖరీదైన బైనాక్యులర్ పెట్టినా దూరాన ఉన్న పక్షి నీళ్లలో నీడలా వణుకుతుంది. ఉన్ని దుస్తులు మరచిపోవద్దు. పొడి గాలి, మబ్బులేని ఆకాశం కారణంగా పగటి వేడి రాత్రికి త్వరగా పోతుంది, తెల్లవారుజామున చలి వణికిస్తుంది.

అటవీ శాఖ అనుమతి, స్థానిక గైడు, సరిపడా నీళ్లు ముందే చూసుకోండి. జీపు బాట వదలి గడ్డిలోకి దిగవద్దు. ఫొటో కోసం పిట్టను లేపమని డ్రైవరును అడగవద్దు.

దారి పొడవునా కనిపించే విద్యుత్ తీగలను కూడా గమనించండి. బట్టమేక కళ్లు తలకు పక్కలుగా ఉంటాయి కాబట్టి ఎదురుగా చూపు పరిధి తక్కువ. బరువైన శరీరం, చటుక్కున పక్కకు తిరగలేదు. తీగ కనబడేసరికే ఆలస్యమైపోతుంది. వీటిని భూమిలో వేయాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. సౌర, పవన విద్యుత్ అవసరాల దృష్ట్యా 2024లో ఆ ఆదేశాన్ని సవరించి, నిపుణుల కమిటీని నియమించింది.

వీలైతే రెండు ఉదయాలు కేటాయించండి. ఒక్క రోజులో పిట్ట కనబడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. మధ్యాహ్నం ఖాళీగా కూర్చోనక్కరలేదు. జైసల్మేర్ నుంచి బాడ్‌మేర్ దారిలో 17 కిలోమీటర్ల దూరంలో ఆకల్ శిలాజ వనం ఉంది. 18 కోట్ల ఏళ్ల నాటి చెట్ల మానులు అక్కడ రాళ్లుగా మారి, నేల మీద పడి ఉన్నాయి.