చేతిఫోనునుండి కంప్యూటరునకు ఇంటర్నెట్టు

మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున పెక్కు కార్మిక గృహములలో ఇంటర్నెట్టు ఇంటిలో నుండదు. తండ్రి జేబులో నుండును. ఆయన రాత్రి షిఫ్టునకు పాశమైలారము పోయెనా, అదియు ఆయనతోడనే పోవును. బల్లపై పాత కంప్యూటరొకటి యున్నను, దానికి లోకముతో పొత్తు లేదు. 2020 సెప్టెంబరు 1వ తేదీన మన రాష్ట్రమున దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు మొదలైనపుడు ఈ కొఱత అందఱకును తెలియవచ్చినది. పాఠమును టీవీలో వినవచ్చును; కాని దరఖాస్తు నింపుటకును, పొడుగైన వ్యాసమును టైపు చేయుటకును అఱచేతిలోని చిన్న తెర చాలదు.

విద్యార్థులారా, ఫోనునకు వచ్చు ఇంటర్నెట్టును కంప్యూటరునకు పంచియిచ్చుటను టెదరింగ్ అందురు. వైఫై ద్వారా పంచినచో దానికి హాట్‌స్పాట్ అని పేరు. ఇది జరుగు విధము హాస్టలు టపాను బోలియుండును. బయటివారు వ్రాయు ఉత్తరములన్నియు హాస్టలు చిరునామాకే వచ్చును. వార్డెనుగారు వానిని గది సంఖ్యనుబట్టి పంచెదరు. సాధారణముగ ఫోనును అటులే టవరునుండి వచ్చిన సమాచారమును తన చిరునామాపై గైకొని, కంప్యూటరునకు తానిచ్చిన లోపలి చిరునామాకు చేర్చును.

పద్ధతులు మూడు. వైఫై సులభము. ఫోను సెట్టింగ్సులో హాట్‌స్పాట్ తెఱచి, దాని పేరును కంప్యూటరులో నెన్నుకొని, పాస్‌వర్డు వ్రాసిన చాలును. పాస్‌వర్డు ఎనిమిది అక్షరములకు తక్కువ గాకుండవలెను. ఒకటి మొదలు ఎనిమిది వఱకు అంకెలను వరుసగా పెట్టువారి డేటాను పొరుగింటి పిల్లలు సుఖముగా వాడుకొందురు! రెండవది యూఎస్‌బీ తీగ. ఆండ్రాయిడ్ ఫోనును తీగతో కలిపి 'యూఎస్‌బీ టెదరింగ్' తెఱచినచో, పని జరుగుచుండగనే ఫోనునకు ఛార్జియు నెక్కుచుండును. ఛార్జింగునకు మాత్రమే పనికివచ్చు చౌక తీగలు కొన్ని గలవు; వానితో నిది సాగదు. మూడవది బ్లూటూత్, దానికి బ్యాటరీ తక్కువ పట్టును గాని, మిక్కిలి నెమ్మది.

ఇక అసలు కష్టము వినుడు. ఒక సంవత్సరము పదవ తరగతి బాలిక యొకతె పాలిసెట్ దరఖాస్తునకు కడపటి దినమున సాయంకాలము మా యింటికి వచ్చినది. నేను నా ఫోను హాట్‌స్పాట్ తెఱచి, ఆమెను నా కంప్యూటరు ముందు కూర్చుండబెట్టితిని. ఆమె వివరములు వ్రాయుచుండగా, కంప్యూటరు నన్నడుగకయే తన అప్‌డేట్లను దింపుకొనుచుండెను. వైఫై దొరకినంతనే అది తన ముందున్నది చెరువనుకొనును. కడవెడు నీళ్లే యని యెఱుగదు. ఫోటో పంపవలసిన వేళకు ఆనాటి డేటా ముగిసినట్లు సందేశము వచ్చినది. తెరపై చక్రము తిరుగుచునే యుండెను. బాలిక నా ముఖము వంక చూచుచుండెను. తప్పు నాదే. తుదకు పొరుగింటి అమ్మగారి ఫోను అడిగి తెచ్చుకొని, రాత్రి పదకొండు గంటలకు దరఖాస్తు పంపగలిగితిమి.

ఆనాడు నేను చేయక విడిచిన పని చిన్నదే. విండోస్ కంప్యూటరులో హాట్‌స్పాట్ పేరుపై నున్న వివరములు తెఱచి, 'మీటర్డ్ కనెక్షన్' అను మీటను వేయవలెను. అంతట పెద్ద అప్‌డేట్లు చాలవఱకు ఆగియుండును. తమంతట తామే ఆడు వీడియోలను, ఫోటోలను దాచు క్లౌడు ప్రోగ్రాములను గూడ ఆపుట మేలు. దినమునకు 1.5 లేక 2 జీబీ యిచ్చు పథకము గలవారికి ఈ జాగ్రత్త తప్పదు.

తండ్రి షిఫ్టునకు బయలుదేరుటకు ముందు అరగంట యున్న చాలును. పాత ప్రశ్నపత్రములను, పాఠముల పీడీఎఫ్‌లను ఆ సమయముననే కంప్యూటరులోనికి దింపుకొనుడు. ఆయన ఫోను తీసికొని బస్సెక్కిన తరువాతను అవి మీ బల్లపైననే యుండును.